అంజయ్యకు నేను నేర్పిన మంచి తెలుగు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే రకం. దోమ కుడితే డేగ పొడిచిందంటాను. కానీ ఇన్నేళ్ళుగా గుండె మీద మోస్తున్న ఈ ఒక్కదాన్ని మాత్రం కొండంతను గోరంత చేసుకుని బతికాను. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

తొంభైల్లో ఒక టీవీ సీరియల్లో ఇంటి యజమాని రావుగారి వేషం నాది. ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళితే వంకాయలు కూడా లేచి నిలబడేవి. అందులో పాలు పోసే వేషం అంజయ్యది. కృష్ణానగర్‌లో నలుగురితో కలిసి కిరాయి గదిలో ఉండేవాడు. నేను పేజీలకు పేజీలు డైలాగు చెప్పి చెమటోడ్చితే, అతను గుమ్మంలో నిలబడి "ఏంది సార్, గిట్ల జేస్తరు" అనేవాడు. అంతే. లైటు పట్టుకున్నవాడు కూడా నవ్వేవాడు.

చివరికి ఆ పాలవాడి పాత్రతోనే వేరే కామెడీ సీరియల్ మొదలుపెట్టారు. హీరో అంజయ్య. మొదటి ఎపిసోడ్‌లో రావుగారిగా నేనొచ్చి ఒక్క సీను చేసి వెళ్ళాలట. నా గుమ్మంలో పాలు పోసినవాడి సీరియల్‌కి నేను అతిథినా?

జూబ్లీహిల్స్‌లో షూటింగులకిచ్చే బంగళా. అంజయ్యకు కుర్చీ, కుర్చీకి గొడుగు, గొడుగుకో మనిషి. నన్ను చూడగానే లేచి, కాళ్ళకు దండం పెట్టి, తన కుర్చీలో కూర్చోబెట్టాడు. దాంతో ఇంకా మండింది. షాటుకూ షాటుకూ మధ్య వచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, నా మాట మంచిగనే ఉన్నదా? హీరో గిట్ల మాట్లాడొచ్చా?"

"పాలవాడికైతే నప్పింది అంజయ్యా. హీరో ఇలా మాట్లాడితే ఇళ్ళల్లో ఎవరు చూస్తారు? వచ్చిండు కాదు, వచ్చాడు అనాలి. నీ మంచికే చెబుతున్నా."

"మీరు చెప్పినంక ఇగ ఫికరేముంది సార్."

మార్చేశాడు. డైరెక్టరు వద్దన్నా, పెద్దాయన మాట కాదనలేనన్నాడట. బడిపిల్లాడు పద్యం అప్పజెప్పినట్టు పలికాడు. ఎవరూ నవ్వలేదు. కొన్ని వారాలకే సీరియల్ ఆపేశారు. తర్వాత అంజయ్య కృష్ణానగర్‌లో కనబడలేదు.

తెలియక చెప్పానా? ఆ మాటలో ఏముందో నాకు తెలియదా? అద్దం ముందు నిలబడి "ఏంది సార్, గిట్ల జేస్తరు" అని ఎన్నిసార్లు అనుకుని చూశానో నాకే తెలుసు. ఎంత గింజుకున్నా అది నా నోట పలకలేదు. ఈమధ్య ఆ యాసతోనే హీరోలు జనాన్ని ఊపేస్తుంటే, నేను లేచి టీవీ కట్టేస్తాను.

వంకాయలు లేవలేదు, గొడుగూ లేదు. అవి నా అలవాటు. కావాలని కల్పించింది ఒక్కటే. అంజయ్య నన్నేమీ అడగలేదు. కుర్చీ ఇచ్చి, టీ తెచ్చి పెట్టి, తన షాటుకు సంతోషంగా వెళ్ళిపోతుంటే నేనే వెనక్కి పిలిచి చెప్పాను. ఇన్నాళ్ళూ అతను అడిగినట్టే నాకు నేను చెప్పుకున్నాను.

ఫికరేముంది సార్ అన్నది మాత్రం నిజంగా అతనే.