పదహారు వీశెల గంప

పక్క ఫ్లాటువాళ్ళు డాబా మీద కొత్త మిరపకాయలు ఎండబోశారు. ఆ ఘాటు తగలగానే ఊరు గుర్తొచ్చిందని లిఫ్టులో అందరూ మురిసిపోతున్నారు. నాకు మాత్రం మా బాబాయి చుట్ట గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

వినుకొండ దగ్గర మా పల్లెలో పుష్యం వచ్చిందంటే నల్లరేగడి అంతా ఎర్రబడేది. మంచు ఆరకముందే కోతకు దిగేవాళ్ళు, వేళ్ళు మండితే మజ్జిగలో ముంచుకునేవాళ్ళు, పొద్దెక్కాక గట్టున కూర్చుని గోంగూర పచ్చడీ ఉల్లిపాయా నంజుకుంటూ జొన్నన్నం తినేవాళ్ళు. కోసిన కాయను గంపల్లో ఎండబోసే కల్లానికి చేర్చాలి. నిండు గంప పదహారు వీశెలు, అంటే రెండు మణుగులు, ఇప్పటి లెక్కలో ఇరవై రెండు కిలోల పైమాటే. నెత్తికెత్తుకోవాలంటే ఇంకొకరు చెయ్యి వెయ్యాలి. కూలివాళ్ళు ఒకరికొకరు వేసుకునేవారు. రైతు ఇంటి ఆడది వాళ్ళను అడగకూడదు, ఇంటి మగవాడే వెయ్యాలి. మా నాన్న పోయాడు కాబట్టి అమ్మకు ఆ మగవాడు బాబాయి.

పిలవగానే వచ్చే రకం కాదాయన. అమ్మను ఎండలో గంప పక్కన నిలబెట్టి, చుట్ట చివరిదాకా కాల్చి, తీరిగ్గా లేచేవాడు.

"ఏం వదినా, నేను లేకపోతే నీ కాయ ఇక్కడే కుళ్ళేదిగా" అనేవాడు, అందరికీ వినపడేట్టు. కూలివాళ్ళు నవ్వేవారు కాదు, తలలు వంచుకునేవారు. అది ఇంకా అవమానంగా ఉండేది.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. వచ్చే కోతకు ఆ గంప నేనే ఎత్తాలనుకున్నాను. తోటిపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే నేను గొడ్లసావిట్లో చిన్న తట్టలో తూకపురాళ్ళు వేసుకుని ఎత్తేదాన్ని. నాలుగు వీశెలతో మొదలుపెట్టి, నిజంగా తేలికైతేనే ఇంకో వీశె కలిపేదాన్ని. అట్లతద్ది అట్లూ నాగులచవితి చలిమిడీ ఆ ఏడు ఆకలితో తిన్నాను. కార్తీకం వెళ్ళేసరికి పదహారూ ఎత్తాను. బడిలో అంతకుముందు నన్ను వెక్కిరించినవాళ్ళు నా నడక చూసి పక్కకు తప్పుకునేవాళ్ళు.

మొదటి కోతనాడు అమ్మ గంపకు వంగాను. బరువు తెలిసిందే, గంప వెడల్పు తెలియదు. రాళ్ళు కదలవు, కాయ ఒక పక్కకు జారుతుంది. గంప మోకాలిదాకా వచ్చి బోర్లాపడింది.

"మీ అమ్మకు తోడు నువ్వొకదానివా నా ప్రాణానికి? ఏరు. ఒక్క కాయ మట్టిలో ఉన్నా ఊరుకోను" అన్నాడు బాబాయి.

ఏరాను. ఆ సాయంత్రమే గేదెలకు పెట్టే పత్తిగింజలు పెద్ద గంపలో పోసి మళ్ళీ మొదలుపెట్టాను. గింజలూ కాయలాగే జారతాయి. గంపను ఒళ్ళోకి లాక్కుని, తొడ మీద నిలిపి, ఊపిరి బిగబట్టి ఒక్క విసురున పైకి తొయ్యాలని అవే నేర్పాయి.

రథసప్తమినాడు చిక్కుడాకుల్లో పరమాన్నం తిని పొలానికి వెళ్ళాం. బాబాయి చుట్ట వెలిగించాడు. నేను గంప నెత్తిన పెట్టుకుని ఆయన ముందునుంచే నడిచాను.

"దించవే. మొగరాయుడిలా ఏందా ఎత్తుడు? రేపు నిన్నెవడు చేసుకుంటాడు?"

"దించడానిక్కూడా నీ చెయ్యి అక్కర్లేదు బాబాయ్."

 ఇంటికొచ్చాక అమ్మ గొడ్లసావిడి తలుపు వేసి, "ఆ గంప తొడమీద ఎక్కడ ఆనించావో నాకూ చూపించు" అంది. ఆ కోత ముగిసేలోగా తన గంప తనే ఎత్తుకుంది. మరుసటి ఏడు పొలంలో మా వాటా వేరుచెయ్యమని పెద్దమనుషుల ముందు అడిగింది.

ఇప్పుడు ట్రాక్టరు గట్టుదాకా వస్తుంది, కాయ ప్లాస్టిక్ సంచుల్లో పోతుంది, మా కల్లం ఇళ్ళస్థలాలైంది. వెదురు గంపలు పోయాయని బాధపడేవాళ్ళను చూస్తే నాకు చిరాకు, ఆ గంపల పక్కన వాళ్ళెవరూ నిలబడలేదు. పోవలసినవే పోయాయి. అమ్మ గంపను తొడమీద నిలిపి, ఒక్క క్షణం ఆగి, ఎవరివైపూ చూడకుండా లేచే తీరు మాత్రం ఇంకెక్కడా కనపడదు. నాకు ఆ లోటు ఒక్కటే.