మూడో కోత ముందుకొచ్చిన షీటు

2023 మార్చి. పల్నాడు జిల్లాలో మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. కోతకెళ్లే ఆడకూలీలకు రక్తపరీక్షలు చేయించే ఒక ట్రస్టు ఆఫీసులో డేటా చూసే ఉద్యోగం నాది. ఊరికొకటి చొప్పున ఎక్సెల్ షీట్లు వచ్చేవి. కాలమ్ పైన రాసే పేరును హెడర్ అంటాం. ఆ హెడర్లు ఏ రెండు ఊళ్లకీ కలిసేవి కావు. హిమోగ్లోబిన్ అంకెల పైన ఒకరు ‘హెచ్‌బి’ అని రాస్తే ఇంకొకరు ‘రక్తం’ అని రాసేవారు, మరొకరు ఖాళీగా వదిలేసేవారు.

విసుగెత్తి ఓ ప్రోగ్రామ్ రాశాను. పేరు, వయసు తర్వాత ఎన్ని కాలమ్‌లు వచ్చినా సరే, పాత హెడర్లు తీసేసి ఎడమ నుంచి వరసగా టెస్ట్ 1, టెస్ట్ 2, టెస్ట్ 3 అని దానంతటదే పేర్లు మార్చేస్తుంది. రెండు రోజుల పని రెండు నిమిషాల్లో తెమిలిపోయింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను. ఎడమవైపుది పాత పరీక్ష, కుడివైపుది కొత్తది అనుకుని, రక్తం తగ్గుతున్నవాళ్లను ఆ టెస్టుల వరసను బట్టే ఎంచి ఆసుపత్రికి పంపేవాళ్లం.

జాబితా పంపిన నాలుగో రోజు, చిలకలూరిపేట దగ్గరి ఒక ఊళ్లో మా ఆరోగ్య కార్యకర్త రత్నకుమారి గారు ఫోన్ చేశారు.

“జాబితాలో మరియమ్మ పేరు లేదేంటండీ?”

“ఆవిడకి హిమోగ్లోబిన్ ఏడు నుంచి పదకొండుకి పెరిగిందండీ. ఇంక ఆసుపత్రి ఎందుకు?” అన్నాను, కాస్త కటువుగానే.

“పెరగటమేంటండీ? పొద్దున కల్లంలో కాయలు ఆరబోస్తా కూలబడిపోయింది. నా షీటు ఒకసారి తెరిచి చూడండి.”

తెరిచాను. రత్నకుమారి గారు షీటంతా ఫోన్‌లోనే నింపేవారు. కుడివైపుకి జరుపుకుంటూ పోతే మనుషుల పేర్లు కనపడవని, కొత్త పరీక్ష చేసిన ప్రతిసారీ కొత్త కాలమ్‌ని వయసు పక్కనే చేర్చారు. మిరపకాయ ఒక్కసారే పండదు, విడతలుగా కోస్తారు. ఆ ఊళ్లో తేదీల కంటే కోతలే అందరికీ గుర్తు. అందుకే హెడర్లలో మూడో కోత, రెండో కోత, మొదటి కోత అని స్పష్టంగా రాసి ఉంది. హెడర్లలో ఏం రాసి ఉంటే ఏంలే అని నేను వాటిని చదవకుండానే తీసేశాను. పదకొండు నుంచి ఏడుకి పడిపోయిన మనిషిని నా ప్రోగ్రామ్ కోలుకున్నట్టు చూపించింది.

ఆ పూటే కారు పంపాం. రక్తం ఎక్కించారు. మర్నాడు చూడటానికి వెళ్లాను.

“తప్పు నాదేనమ్మా. నా వల్ల నాలుగు రోజులు ఆలస్యమైంది” అన్నాను.

“నాలుగు రోజులేముందిలే బాబూ” అంది మరియమ్మ. “మొదటి కోత కాణ్ణుంచీ కళ్లు తిరగతానే ఉన్నాయి. ఎవరికి చెప్పినా ఎండకేలే అన్నారు.”

రత్నకుమారి గారొక్కరే ఆమె మాట విని, ప్రతి కోతకీ పరీక్ష చేసి రాసిపెట్టారు. దాన్ని చదవనివాణ్ని నేను.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ హెడర్ చదివాకే పేరు మారుస్తుంది. తెలియని పేరు కనపడితే ఆగిపోతుంది. అప్పుడు రాసినవాళ్లకు ఫోన్ చేసి, వాళ్లు చెప్పేది చివరిదాకా వింటాను.