పన్నెండో షరతు

1. మంగళవారం ఉదయం ఎనిమిదింబావుకు హైడెల్‌బర్గ్ కార్యాలయం నుంచి ఫోన్ వచ్చింది. పర్యవేక్షణ అధికారిణి గుండెపోటుతో కన్నుమూశారు.
2. అంత్యక్రియలు శుక్రవారం పదకొండు గంటలకన్నారు. రాసుకున్నాను.
3. ఆ కాగితం ఎక్కడ పెట్టానో ఐదు నిమిషాలకే మరిచిపోయాను. నాకిలా జరగడం మొదటిసారి.

నేను ఇక్కడ జర్మనీ కోర్టులో తెలుగు దుబాసీని. జర్మన్ నిఘంటువులు ముందు పెట్టుకుని సొంతంగా నేర్చుకున్నాను. ఉగ్రవాద కేసుల్లో శిక్ష ముగిసి బయటికి వచ్చినా, ఇంకా ప్రమాదకరమని కోర్టు భావించిన వారిని కనిపెట్టి ఉండడం ఆ అధికారిణి ఉద్యోగం. వారిలో తెలంగాణ నుంచి వచ్చిన ఒకతను ఉన్నాడు. నిషేధిత సంస్థకు సాయపడి జైలుకు వెళ్లినవాడు. వారం వారం అతను టెర్మిన్‌కు, అంటే ముందే ఖరారైన సమయానికి ఆమెను కలవడానికి, వచ్చినప్పుడు, ఫైలు తెరవకముందే, అతని దగ్గరే నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట అడిగేవారామె.

"తిన్నవా?"

"మా అమ్మ గూడ గిన్నిసార్లు అడగదు మేడం," అనేవాడు. నేను అనువదించేలోపే ఆమె ఆపిల్ కోసి ముగ్గురికీ పంచేవారు. "ముందు ఇది కానివ్వండి. చట్టం ఎక్కడికీ పోదు," అనేవారు.

కోర్టు షరతులను తెలుగులో రాసి, ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి అతనికి ఇమ్మని ఆమె నాకు చెప్పారు. "జాబితా అంటే మీరే రాయాలి," అన్నారు. పదకొండు రాశాను. పన్నెండోది ఉత్తర్వు వెనుక వైపు ఉంది. ఫోన్ నంబరు మారితే మరుసటి రోజులోగా తెలపాలి. నేను కాగితం తిప్పి చూడలేదు.

అతను సిమ్ మార్చాడు. ఎవరికీ చెప్పలేదు. మళ్లీ జైలుకు పంపాలని ప్రాసిక్యూటర్ కోరారు. విచారణలో న్యాయమూర్తి ఆ షరతు చదివినప్పుడే నా పొరపాటు నాకు తెలిసింది. అప్పుడు ఆమె లేచి నిలబడ్డారు. ఎవరి మాటనైనా 'నేను' అనే చెప్పాలన్నది దుబాసీ నియమం. ఆమె జర్మన్‌లో అన్నదాన్ని అతని వైపు తిరిగి తెలుగులో చెప్పాను.

"తప్పు నాది. ఆ షరతు నేను అతనికి వివరించలేదు."

అతను జైలుకు వెళ్లలేదు. ఆమెను ఆ విభాగం నుంచి తప్పించారు. నోరు విప్పితే నా పని పోతుందని నేను ఊరుకున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు ఆమె వీధి దాకా వెళ్లి, తలుపు కొట్టకుండానే తిరిగి వచ్చాను.

ఈరోజు శవపేటికను దించుతున్నప్పుడు అతను నా పక్కనే ఉన్నాడు.

"తప్పు నాది," అన్నాను.

"గది మేడం అన్న మాట గద సార్?"

"కాదు. నా మాటే. పన్నెండోది రాయనిది నేను."

అతను నా వైపు తిరిగాడు. "మేడంకు ఎరుకేనా?"

"తెలియదు. నేను చెప్పలేదు."

 అతను కోటు జేబులోంచి ఒక ఆపిల్ తీశాడు. అతను కత్తి దగ్గర ఉంచుకోకూడదు. అది ఐదో షరతు, దాన్ని నేను సరిగ్గానే రాశాను. తడి మట్టి మీద ఆ ఆపిల్‌ను, కోయకుండా, అలాగే పెట్టాడు.

శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలు.
కొత్తూరి లక్ష్మీనరసింహ ప్రసాద్