గేటు దాటని ఒడిబియ్యం

ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు బియ్యం తీసుకుపోకూడదన్న నిషేధాన్ని ఎత్తివేయించింది నేనే. ఈ సంగతి ఎల్లారెడ్డి బస్టాండులో చెప్పాను, కామారెడ్డిలో వెళ్ళిన ప్రతి పెళ్ళిలోనూ చెప్పాను, ఒకసారి నిజాంసాగర్ కట్ట మీద చేపలు పట్టుకుంటున్నవాళ్ళను ఆపి మరీ చెప్పాను. చెప్పినప్పుడల్లా కథలోకి ఒక అధికారి వచ్చి చేరేవాడు. మొదట్లో ఇన్‌స్పెక్టరు ఒక్కడే. తర్వాత తహశీల్దారు జీపులో వచ్చాడు. నా జుట్టు నెరిసేసరికి కలెక్టరే దిగి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, మీలాంటివాళ్ళు ఊరికొకరు ఉంటే చాలు అన్నాడు.

కలెక్టరు రాలేదు. తహశీల్దారూ రాలేదు. వచ్చింది మా అక్క అత్తగారు, ఎడ్లబండి మీద, ఒళ్ళో ఇత్తడి గుండిగ పెట్టుకుని. నిషేధం ఎప్పుడు పోయిందో ఎందుకు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. అది పోయిన సంగతి కూడా నాకు ఇంకొకరు చెబితేనే తెలిసింది.

డెబ్భైల నాటి మాట. మా నిజామాబాదు జిల్లాలో కాలువ కింద వరి బాగా పండేది. పక్కనున్న మెదక్ జిల్లాలో బియ్యం ధర ఎక్కువ. ఇక్కడి బియ్యం అక్కడికి పోతే ఇక్కడివాళ్ళు పస్తులుంటారని సర్కారు భయపడింది. పర్మిట్ లేకుండా బియ్యం జిల్లా దాటకూడదని హుకుం జారీ చేసింది. ఎల్లారెడ్డి నుంచి మెదక్ పోయే రోడ్డు మీద, జిల్లా హద్దు దగ్గర, ఒక వెదురు బొంగు అడ్డం కట్టి, పక్కన గుడిసె వేసి, దానికి చెక్‌పోస్టు అని పేరు పెట్టారు.

నేనప్పుడు కామారెడ్డిలో సర్కారు గుమాస్తాను. కొత్త కొలువు, కొత్త చొక్కా, కొత్త నీతి. సాయంత్రాలు స్టేషను దగ్గరి హోటల్లో కూర్చుని, ఆ చట్టం ఎంత గొప్పదో అందరికీ వివరించేవాణ్ణి. బియ్యం దొంగచాటుగా దాటించేవాడు పక్కింటివాడి కంచంలో చెయ్యి పెట్టినట్టేనని అనేవాణ్ణి. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది, అందుకని రోజూ అనేవాణ్ణి. అక్కడికి చాయ్‌కి వచ్చే మెదక్ బస్సు కండక్టరు సాసర్లో చాయ్ పోసుకుని, నా మాట పూర్తయ్యేదాకా ఊదుకుంటూ వినేవాడు.

"చట్టం మంచిదే సార్," అన్నాడొకసారి. "గని లారీ వస్తే దానికి కండ్లు గనవడవు. సంచి వస్తే గనవడుతయి."

"చట్టం తప్పు గాదు, మనుషుల తప్పు," అన్నాను నేను.

"సరే సార్. మీ సంచి నా బస్సు ఎక్కిననాడు చూస్త."

హోటలంతా నవ్వింది. నేను కూడా నవ్వాను, పెద్దమనిషిలాగా. లోపల మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

మా అక్కను ఇచ్చిన ఊరు ఆ వెదురు బొంగుకు అవతల, బండి మీద పోతే చుట్ట కాల్చుకునేంత దూరం. పెళ్ళైన ఆడబిడ్డకు పుట్టింటివాళ్ళు కొన్నేళ్ళకోసారి ఒడిబియ్యం పోస్తారు కదా. కొత్త చీర కట్టించి, పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, పోకవక్కలు, పసుపుకొమ్ములు ఆమె ఒడిలో పోసి కట్టి పంపిస్తారు. ఆమె వాటిని అత్తారింటికి తీసుకుపోయి, అక్కడ వండి, అయినవాళ్ళను పిలిచి పెట్టాలి. దారిలో నేల మీద దించకూడదు. వెనక్కి తిరిగి రాకూడదు. అక్కకు అంతకుముందు పోయాల్సిన ఏడాది వానలు లేక పోయలేకపోయాం. "మీ అవ్వగారింట్ల బియ్యం లేవా, మనుషులు లేరా?" అని అత్తగారు అందరి ముందూ అడిగిందట. అక్క ఆ మాటను అమ్మకు చెప్పకుండా నాకు చెప్పి ఏడ్చింది. కాబట్టి ఈసారి ఒడిబియ్యం ఏ లోటూ లేకుండా, చెప్పిన రోజుకు, చెప్పిన పూటకు ఆ ఇల్లు చేరాలి. బావ ముందు రోజే వెళ్ళి చుట్టాలందరికీ భోజనానికి చెప్పాడు. అక్కను దిగబెట్టే పని నాది.

పొద్దున్నే మా ఊళ్ళో, ఎల్లారెడ్డిలో, బస్సెక్కాం. అక్క కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్ళో ఒడిబియ్యం మూట, దాని చుట్టూ రెండు చేతులు. టికెట్ కొట్టడానికి వచ్చినవాడు ఎవరనుకున్నారు? సాసర్లో చాయ్ తాగే కండక్టరే. మూట వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అనకుండా టికెట్ చింపి ఇచ్చాడు. ఏమన్నా అని ఉంటే బాగుండేది.

చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆగింది. జవాను ఎక్కాడు. నడివయసు తురకాయన, మొహంలో విసుగు తప్ప కోపం లేదు. రోజూ అడిగే మాటే అడిగాడు.

"బియ్యం ఉన్నయా ఎవరి దగ్గరన్న?"

సీట్ల కింద ఎన్ని సంచులున్నాయో నాకు తెలియదు గానీ, బస్సంతా ఒక్క గొంతుతో లేవంది. జవాను దిగబోయాడు. అప్పుడు నేను లేచి నిలబడ్డాను.

ఇక్కడ నేను ఎప్పుడూ చెప్పేది ఏమిటంటే, నా అంతరాత్మ నన్ను లేపింది అని. అంతరాత్మ కాదు. డ్రైవరు వెనక నిలబడి కండక్టరు నన్నే చూస్తున్నాడు. మరునాడు సాయంత్రం హోటల్లో అతను ఏం చెబుతాడో, ఎవరెవరు నవ్వుతారో అంతా నాకు కనిపించింది. అంతే.

"నా దగ్గర ఉన్నయి," అన్నాను.

"కూసో అన్నా, కూసో," అన్నాడు జవాను. "నేనిన్లే."

"నువ్వు ఇనకపోవుడు నీ ఇష్టం. చెప్పుడు నా ధర్మం."

అక్క నా చొక్కా అంచు పట్టి గుంజింది. "తమ్మీ, గమ్మున కూసోరా."

నేను కూర్చోలేదు. అప్పటికే గుడిసె ముందు కుర్చీలో ఉన్న ఇన్‌స్పెక్టరుకు వినబడింది. నాకంటే కుర్రవాడు, ఇస్త్రీ మడత ఇంకా నలగని ఖాకీ. దిగమన్నాడు. నేను దిగాను. మూట అక్క ఒళ్ళో ఉంది కనుక అక్క కూడా దిగాల్సి వచ్చింది.

జవాను నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "సాబ్, గివి పసుపు గల్పిన బియ్యం. ఆడిబిడ్డ ఒడిబియ్యం. మా ఇంటి పక్కన్నే ఎన్నిసార్లు జూడలే. గివాటిని ఎవరూ అమ్మరు, ఎవరూ కొనరు. అక్షింతలనుకోర్రి."

ఇన్‌స్పెక్టరు మెత్తబడ్డాడు. "అక్షింతలంటే సరే. అక్షింతల గురించి ఆర్డరులో ఏమీ లేదు," అన్నాడు.

అంతటితో అయిపోయేది. అక్క ఒక కాలు బస్సు మెట్టు మీద కూడా పెట్టింది. నేను అన్నాను:

"పసుపు గల్పితే బియ్యం బియ్యం గాకుండ పోతయా సార్? గట్లయితే రేపు లారీలోళ్ళు గూడ పసుపు సల్లుకొని పోతరు."

జవాను తన తల తానే కొట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టరు మొహం బిగుసుకుంది. ఇంటి వాడకానికి కాసిన్ని వదలొచ్చని ఆ ఆర్డరులో ఉందో లేదో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. ఇద్దరం బాగా తెలిసినట్టే మాట్లాడుకున్నాం. చివరికి, బియ్యం అక్కడ అప్పజెప్పి పొండి, లేదా వెనక్కి తీసుకుపొండి అన్నాడు.

"ఎన్కకు తిరగొద్దు," అంది అక్క. "కింద గూడ పెట్టొద్దు." అని రోడ్డు పక్కన ఒక రాయి మీద కూర్చుంది, ఒళ్ళో మూటతో.

బస్సులోవాళ్ళు నన్ను ఏమన్నారో రాయను, కొన్ని మాటలు ఇప్పటికీ మంటగా ఉన్నాయి. "సత్తెం నీది, పెండ్లికి ఆల్శం మాదా?" అని పెళ్ళికి పోతున్న ముసలమ్మ అన్న మాట ఒక్కటే మర్యాదగా ఉంది. బస్సు కదిలేముందు కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి వంగి అన్నాడు.

"నేను గా మాట నవ్వుకుంట అన్న సార్. మీరు మనసుల వెట్టుకున్నరు. అక్కా, మీ అత్తోళ్ళకు చెప్పి పోత."

ఎండ ముదిరింది. చెట్టు నీడ నాలుగడుగుల ముందుకు, అంటే బొంగుకు అవతల, అంటే పక్క జిల్లాలో ఉంది. నీడలోకి పోవాలంటే బియ్యానికి పర్మిట్ కావాలి. అంతలో ఒక లారీ వచ్చింది, మీద టార్పాలిన్. ఇన్‌స్పెక్టరు గుడిసె లోపలికి వెళ్ళాడు, ఏదో వెతుక్కోవడానికి కాబోలు. జవాను ఆకాశం వైపు చూస్తూ బొంగు ఎత్తాడు. లారీ వెనక మూల నుంచి సన్నగా బియ్యం కారుతూ పోయాయి. గుడిసె కోళ్ళు పరిగెత్తుకొచ్చాయి.

ఆ లారీని నేను చూడలేదని ఇన్నేళ్ళూ చెప్పుకున్నాను. చూశాను. డ్రైవరు చాలా లావుగా ఉన్నాడు.

"తమ్మీ," అంది అక్క, గొంతు పెంచకుండానే. "గాయనకు చెప్పవా నీ ధర్మం?"

నేను చెప్పు విప్పి అందులో లేని రాయిని దులిపాను.

పొద్దు నడినెత్తికి వచ్చాక ఎడ్లబండి కనిపించింది. బండి నిండా ఆడవాళ్ళు, ముందు అక్క అత్తగారు, వెనక సైకిలు మీద బావ. ఆవిడ దిగగానే నన్ను తిట్టిపోస్తుందని నిలువునా బిగుసుకుని నిలబడ్డాను. ఆవిడ నేను అక్కడ లేనట్టే నన్ను దాటుకుని, బొంగు కింద నుంచి వంగి వచ్చి, కోడలి ముందు నిలబడింది.

"పొద్దటి సంది ఒళ్ళెనే వెట్టుకున్నవా?"

"కింద పెట్టొద్దంటివి గదత్తా."

అక్క చేతులు మొద్దుబారిపోయాయి, విప్పబోతే రాలేదు. అత్తగారు పక్కన కూర్చుని, ఆ చేతులను ఒక్కొక్క వేలూ పట్టి విడదీసి, మూటను తన ఒళ్ళోకి తీసుకుంది. ఆవిడ కోడలి చెయ్యి పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు. తర్వాత ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

"బిడ్డా, బియ్యానికి పర్మిట్ అన్నవు. మరి అన్నానికి?"

"అన్నానికి అక్కర్లేదమ్మా," అన్నాడతను.

"సత్తెమేనా? మల్ల మా కోడలి తమ్ముడు లేశి ఇంకేమన్న చెప్తడేమో, ముందుగాలనే అడుగుతున్న."

అందరూ నా వైపు చూశారు. జీవితంలో మొదటిసారి నేను నోరు విప్పలేదు.

"ఒడిబియ్యం ఇంట్ల గద అత్తా వండేది?" అంది అక్క భయపడుతూ.

"నా గుండిగ యాడుంటే గదే మన ఇల్లు. లెవ్వు."

జవాను తన కట్టెలు ఇచ్చాడు. మూడు రాళ్ళు పెట్టి, బొంగుకు ఇవతల, మా జిల్లాలో బియ్యం ఉడికించారు. బండిలో తెచ్చిన పప్పూ కూరా అవతల నీడలో దించారు. ఉడికిన అన్నం గుండిగను బావా ఇంకొకాయనా మోసుకొస్తుంటే, జవాను వాళ్ళకోసం బొంగును లారీకి ఎత్తినంత ఎత్తు ఎత్తాడు. పసుపుపచ్చని అన్నం పొగలు కక్కుతూ జిల్లా దాటింది. దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు డ్యూటీలో ఉండగా తినకూడదన్నాడు. అత్తగారు అడిగింది, నీ డ్యూటీ యాడిదాక బిడ్డా అని. బొంగు దాకా అన్నాడు. అయితే బొంగు దాటి కూసో అంది. దాటి కూర్చున్నాడు, మారు కూడా అడిగాడు.

నేను నిరాహార దీక్ష చేశానని చెబుతుంటాను. ఆ మాటలో కొంత నిజముంది. అత్తగారు నాకు అందరికంటే చివర వడ్డించింది, అందువల్ల చాలాసేపు దీక్షలోనే ఉన్నాను. ఇస్తరాకులో అన్నం పెట్టి, చెయ్యి తియ్యకుండా అడిగింది.

"అల్లుడా, గిది అన్నమా, బియ్యమా?"

"అన్నమే అత్తమ్మా."

"ఆలోచించి చెప్పు. తొందర్లేదు."

ఆ రోజు అందరికంటే ఎక్కువ తిన్నది నేనేనని బావ ఇప్పటికీ అంటాడు.

ఆ తర్వాత ఆవిడ మా ఇంటిని గురించి ఒక్క మాట అనలేదు. ఎవరన్నా కోడళ్ళ గురించి మాట్లాడుకుంటే, "ఎండల కూసున్నది గని బియ్యం కింద పెట్టలే నా కోడలు" అని చెప్పుకునేది. ఇదంతా నా సిద్ధాంతం వల్లే జరిగిందని నేను చాలా ఏళ్ళు వాదించాను. నేను లేచి నిలబడకపోతే అక్క రాయి మీద కూర్చునేదా అని. అక్క ఆ వాదన మొత్తం ఓపికగా విని, "ఔ తమ్మీ, నువ్వే కూసోవెట్టినవ్" అనేది.

మళ్ళీ ఒడిబియ్యం పోసే ఏడు వచ్చింది. అక్కను దిగబెట్టడానికి నేనే బయలుదేరాను. బస్సు చెక్‌పోస్టు దగ్గరికి వస్తుండగా అక్క మూటలో చెయ్యి పెట్టి, ఒక కుడుక తీసి, సీటు కమ్మీకి కొట్టి పగలగొట్టి, పెద్ద ముక్క నా నోట్లో పెట్టింది. ఎండుకొబ్బరి, ఊరకే నమిలితే నలిగేది కాదు. జవాను ఎక్కి, బియ్యం ఉన్నయా అని అడిగి, నన్ను గుర్తుపట్టి, ఉబ్బిన నా బుగ్గను చూసి నవ్వుకుంటూ దిగిపోయాడు. నేను నములుతూనే ఉన్నాను.

ఎనభైలలో ఎప్పుడో గుడిసె కూలింది. తొంభైల్లో వెళ్ళినప్పుడు బొంగు లేదు, రాళ్ళు లేవు, అక్కడ బస్సు ఆగను కూడా ఆగలేదు. డ్రైవరు కుర్రాడు, అక్కడ ఒకప్పుడు ఒక గేటు ఉండేదని అతనికి తెలియదు. చెబుదామని ముందుకు వంగాను. కలెక్టరు దాకా చెప్పాలని కూడా అనుకున్నాను. అంతలో పక్క నుంచి అక్క చెయ్యి వచ్చి నోట్లో కుడుక ముక్క పెట్టింది. అప్పటికే నాకు దవడ పళ్ళు రెండు పోయాయి. అది మెత్తబడేసరికి వాళ్ళ ఊరు వచ్చింది.