పాయగట్టు నీటికుక్కలు

మోకాళ్ల డాక్టరుగారు రోజూ అరగంట నడవమన్నారని ఈమధ్య గుణదలలో మా ఇంటి దగ్గరి పార్కులో చుట్లు తిరుగుతున్నాను. నా ఈడువాళ్లు జట్లుజట్లుగా కబుర్లాడుకుంటూ నన్ను దాటిపోతుంటే, తొంభైల మొదట్లో సముద్రం దగ్గరి ఒక జాలరి ఊళ్లో నేను నడిచిన చుట్టు గుర్తొస్తుంది.

పామర్రులో బస్సు మారి వెళ్లాల్సిన ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా నా మొదటి ఉద్యోగం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. పగలంతా ఎవరెవరి మాటలో కలిపేదాన్ని గాని నాతో మాట్లాడేవాళ్లే లేరు. కుళాయి దగ్గరికి వెళితే ఆడవాళ్లు మేడంగారంటూ తప్పుకుని, నా బిందె నిండేదాకా మాటలు ఆపేసేవారు. ఆ మర్యాదకు నాకు ఏడుపొచ్చేది.

నేను అద్దెకున్న ఇంటావిడను పెద్దమ్మ అనేదాన్ని. భర్త పోయాక ఎండుచేపలు అమ్ముకుని ఒంటరిగా బతికే మనిషి, మాట తక్కువ. ఆదివారం పొద్దున్నే పుల్లలేరడానికి మడ అడవికి వెళుతూ నన్నూ రమ్మనేది. కరకట్ట దిగి, ఏటిపాయ వెంటే నడిచి, మడచెట్ల మధ్యగా వంపు తిరిగి, ఉప్పుమళ్ల పక్కనుంచి మళ్లీ ఊళ్లోకి వచ్చే గంట నడక అది. ఏమీ కష్టం లేని దారి. ఒకచోట గట్టు మీది ఒండ్రు జారుడుబల్లలా నున్నగా అరిగి ఉండేది, పక్కన చేపపొలుసులు, పీతడిప్పలు, చెట్టువేళ్ల కింద బొరియ. ఒక ఆదివారం పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. తల్లి నీటికుక్క, దాని వెనక రెండు పిల్లలు, ఒకదాని మీద ఒకటి పడుతూ నీళ్లలోకి జారుతున్నాయి. చాలాసేపు అలాగే నిలబడ్డాం.

"ఊళ్లో ఎవరితోనూ అనమాకమ్మా. వలలు కొరుకుతున్నాయని మండిపడుతున్నారు," అంది.

నెల తిరక్కుండానే అన్నాను. ఒక సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్లు తెగిన వలల గురించి వాపోతుంటే, ఆ నీటికుక్కల్ని నేను చూశానని నోరు జారాను. అందరూ నావైపు తిరిగారు. ఒకామె బిందె జరిపి చప్టా మీద చోటిచ్చింది.

"ఎక్కడండీ, మేడంగారూ?"

చెప్పాను. పిల్లల సంగతి కూడా చెప్పాను. పొద్దుగూకేదాకా వాళ్ల మధ్య కూర్చున్నాను, ఒకామె నా జడ విప్పి మళ్లీ అల్లింది. ఆ ఊళ్లో నేను సంతోషంగా ఉన్న సాయంత్రం అదొక్కటే.

ఆదివారం వెళ్లేసరికి బొరియ నోటినిండా బంకమట్టి కూరి ఉంది, చుట్టూ కాలిన గడ్డి, వేళ్లకు పొగమసి. పెద్దమ్మ వంగి ఆ మట్టిని చేత్తో తడిమింది.

"నువ్వు చెప్పావా?"

"చెప్పాను పెద్దమ్మా."

ఆవిడ చేతి మట్టి దులుపుకుని లేచింది. మిగతా దారంతా నాకు పది అడుగుల ముందు నడిచింది. ఇంటికొచ్చాక ఎప్పటిలాగే కూర గిన్నె తెచ్చి ఇచ్చింది గాని, తరువాతి ఆదివారం నన్ను పిలవకుండానే వెళ్లిపోయింది. కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. కుళాయి దగ్గర కూడా వారం తిరిగేసరికి నేను మళ్లీ మేడంగారినే అయ్యాను. బదిలీ అయ్యేదాకా ఆ చుట్టు ఒక్కదాన్నే ఎన్నోసార్లు తిరిగాను. ఒండ్రు మీద ఒక్క జాడైనా కనిపించలేదు.

వెళ్లిపోయే రోజు నా పెట్టె బస్సుదాకా ఆవిడే మోసుకొచ్చింది.

"నీమీద కోపమేం లేదులే అమ్మాయ్. నీకూ మనుషులు కావాలిగా," అంది.

ఇప్పుడా ఎక్స్ఛేంజి లేదు, పెద్దమ్మా లేదు. పాయలో నీటికుక్కలు మళ్లీ కనిపిస్తున్నాయట, వాటిని చూడ్డానికి జనం కెమెరాలు పట్టుకుని పడవల్లో వస్తున్నారట. నాకు మనుషులు కావాలని ఆవిడకు ఆనాడే తెలిసింది. పుల్లలేరడానికి రెండో మనిషి అక్కర్లేకపోయినా ప్రతి ఆదివారం నన్నెందుకు పిలిచేదో మాత్రం, ఆవిడ వయసుకొచ్చాక గాని నాకు తెలియలేదు.