కుళాయి దగ్గర ప్రభుత్వం

నా చిన్నప్పుడు, చుట్టూ హిందీ మాట్లాడే ఊళ్ళోని భుయ్యాడీహ్‌లో మా తెలుగు బస్తీని ఒక కుళాయి పరిపాలించేది. నలభై ఇళ్ళకూ అదొక్కటే. తెల్లవారుజామున నాలుగున్నరకు నీళ్ళు వచ్చేవి, ఆరున్నరకల్లా ఆగిపోయేవి. సువర్ణరేఖ నది పక్కనే పారేది. చూడడానికి చాలా బాగుండేది, తాగడానికి మాత్రం అంత బాగుండేది కాదు.

నీళ్ళ కోసం మావాళ్ళు ముందురోజు సాయంత్రమే తలొక ఇటుక తెచ్చి వరుసలో పెట్టేవారు. సున్నంతోనో బొగ్గుతోనో ఎవరి గుర్తు వారు వేసుకునేవారు. ఇటుక ఉన్నచోట మనిషి నిలబడినట్టే లెక్క. కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత ఇటుకలు కూడా నడవడం మొదలుపెట్టాయి. తెల్లారేసరికి ఒకరి ఇటుక ఇంకొకరి వెనక తేలేది. బిందెలు సొట్టలు పడేవి. ఒకరి జుట్టు ఇంకొకరి చేతిలో ఉండేది.

అప్పుడు మా పెదనాన్న కలగజేసుకున్నాడు. రైల్వేలో గ్యాంగ్‌మేన్‌గా చేసి రిటైరైన మనిషి. పట్టాల మీద అరిచి అరిచి పెరిగిన గొంతు ఉంది, కావలసినంత తీరిక ఉంది. ప్రభుత్వం పెట్టడానికి ఆ రెండూ చాలు. ఒక సాయంత్రం కుళాయి పక్కన నులకమంచం వేసుకుని కూర్చున్నాడు.

“ఈ హల్లా ఏటర్రా? రేపట్నుంచి ఇటకలు నా ఎదరే ఎట్టండి. నాను సూసుకుంతాను.”

అందరూ అమ్మయ్య అనుకున్నారు. నిజంగానే ఆ మర్నాటి నుంచి ఒక్క ఇటుకా కదలలేదు, ఆయన కదిపితే తప్ప.

మొదట ఒక బాలింత ఇటుకను ముందుకు జరిపాడు. తర్వాత కళ్ళు సరిగా కనబడని ఒక ముసలాయనది. అది నిజమైన జాలే, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోలేదు. కాకపోతే ఆయనది ఇటుకలు జరపగల చెయ్యి అని అందరికీ తెలిసిపోయింది. ఏడాది తిరిగేసరికి అల్లుడితో తగువైనా, బడిలో చేర్పించాలన్నా జనం ఆ మంచం దగ్గరికే వచ్చేవారు. ఓట్లడిగే నాయకులు కూడా ముందు అక్కడ టీ తాగి, ఆ తర్వాతే ఇళ్ళకు దండం పెట్టేవారు. బస్తీకి కమిటీ పుట్టింది. ప్రతి ఏడూ అమ్మవారి పండగయ్యాక చేతులెత్తి ప్రెసిడెంటును ఎన్నుకునేవారు. ఎవరిని ఎన్నుకునేవారో చెప్పక్కర్లేదు.

నాకు అప్పుడు పదేళ్ళు. ఇటుకల మీది గుర్తులు చూసి పేర్లు పిలిచే ఉద్యోగం నాది. మా ఇటుక ఎప్పుడూ మొదటిదే. సాయంత్రాలు పెదనాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, “ఏటే అమ్మీ, లైన్లో ఏటి కబుర్లు?” అని అడిగేవాడు. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదాన్ని.

మా పక్కింటి అక్కకు ఇరవై ఏళ్ళుంటాయేమో. తండ్రి పోయాడు, తల్లి మంచాన ఉంది. ఒక కాంట్రాక్టరు దగ్గర రేజాగా చేసేది. ఇటుకా ఇసుకా మోసే ఆడకూలీలను ఇక్కడ రేజాలంటారు. ఆరింటికి కార్ఖానా గేటు దగ్గర ఉండకపోతే మేస్త్రీ ఆ పని ఇంకొకరికి ఇచ్చేవాడు. అంటే మొదటి పదిమందిలో ఆమె బిందె నిండితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఆమె ఇటుక తొమ్మిదోది. హిందీలో ఎనిమిదో క్లాసు దాకా చదివింది. చదువు మనిషిని ఊరికే ఉండనివ్వదు కదా. సందు రెండో చివర ఇంకో కుళాయి వేయమని నీళ్ళ ఆఫీసుకు అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి వేలిముద్రలు వేయించింది.

నాకు జడ వేస్తూ ఆ కాగితం చూపించి, “పెదనాన్నకి సెప్పకే, ముందు ఎల్లనీ,” అంది.

ఆ జడకు రిబ్బను కట్టడం అవగానే వెళ్ళి చెప్పేశాను. రెండో కుళాయి వస్తే పెదనాన్నకు శ్రమ తగ్గుతుంది, సంతోషిస్తాడు అనుకున్నానని చాలా ఏళ్ళపాటు నాకు నేను చెప్పుకున్నాను.

ఆయన కోప్పడలేదు. “మంచిదే కదా,” అన్నాడు. మర్నాడు అక్క ఇటుక ముప్ఫై నాలుగోది.

“పెదనాన్నా, నాది తొమ్మిదోది కదా?”

“అవునా అమ్మా? ముసిలోణ్ణయిపోనాను, గేపకం ఉండట్లేదు. రెండో కుళాయి వత్తాదంట కదా, కాస్త ఓపిక పట్టు.”

లైనంతా నవ్వింది. ముందున్నవాళ్ళు కాస్త గట్టిగా నవ్వారు.

ఆ వారంలో రెండు రోజులు అక్క నీళ్ళు లేకుండానే పనికి పరిగెత్తింది. తల్లికి మందు మింగడానికి కూడా మేమే గ్లాసుడు ఇచ్చాం. మూడో రోజు బిందె నింపుకునే వెళ్ళింది. ఆమె గేటు చేరేసరికి ఆమె తట్ట ఇంకొకరి నెత్తి మీద ఉంది. వేలిముద్రలు వేసినవాళ్ళు ఒక్కొక్కరే సాయంత్రం మంచం దగ్గరికి వచ్చారు. “సదువు రానోళ్ళం బావూ, రేషన్ కాయితం అనుకున్నాం,” అన్నారు. అర్జీ అందుకుని నీళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి చూస్తే లైను గొప్ప నిశ్శబ్దంగా ఉంది. “యహాఁ సబ్ ఠీక్ హై, సార్,” అన్నాడు పెదనాన్న, ఇక్కడంతా బాగానే ఉందని. ఇంత క్రమశిక్షణ గల బస్తీని తానెక్కడా చూడలేదని మెచ్చుకుని ఆయన వెళ్ళిపోయాడు.

నెల తర్వాత ఎన్నిక. పెదనాన్న తువ్వాలుతో కళ్ళొత్తుకుంటూ, వయసయిపోయింది, ఇంకెవరినైనా చూసుకోండి అన్నాడు. వద్దు వద్దన్నారు అందరూ. చేతులు లెక్కపెట్టడానికి నన్ను స్టూలు ఎక్కించారు. అందరికంటే ముందు లేచిన చెయ్యి పక్కింటి అక్కది. మోచెయ్యి కూడా వంచకుండా నిటారుగా ఎత్తింది. ఆమె నావైపు చూడలేదు. పెదనాన్న చూశాడా లేదా అని ఆయన్నే చూస్తోంది. ఆయన చూశాడు. మర్నాటి నుంచి ఆమెది రెండో స్థానం. ఆరింటికి వెళ్ళాల్సిన పని అప్పటికి లేదనుకోండి.

చెప్పింది నేనేనా అని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత కూడా నాకు జడలు వేసింది. చేతిలో ఏ తేడా లేదు. అదే భరించలేక, ఒక ఏడాదికి నా జడ నేనే వేసుకోవడం నేర్చుకున్నాను.

తర్వాత కాలేజీలో రాజనీతిశాస్త్రం చదివాను. రాజ్యం ఎలా పుడుతుందో, జనం ఎందుకు లోబడతారో తెలుసుకోవడానికి మూడేళ్ళు పట్టింది. అంత అవసరం లేదు, కానీ డిగ్రీ కావాలి కదా. ఇప్పుడు అదే ఊళ్ళోని బారిడీహ్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. టీవీలో ఎవరో ఒక నాయకుడు మళ్ళీ గెలిచాడని చూపించినప్పుడల్లా మా మనవరాలు, “ఇస్కో వోట్ దేతా కౌన్ హై, దాదీ?” అని, అసలు వీడికి ఓటేసేదెవరని, విసుక్కుంటుంది. నేను ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోతాను. ఆ రోజు స్టూలు మీద నిలబడి, ఆ మొదటి చేతివైపు వేలు చూపించి, బస్తీ అంతా వినేలా “ఒకటి” అని అరిచింది నేనే.