ఆగండక్క చూసిన ఆఖరి జ్వాల

సూర్యుణ్ని గమనించే ఉపగ్రహాన్ని నడిపే ఆ ఆఫీసులో ఆమెను పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ ఆగండక్కే. సూర్యుడి మీద జ్వాల ఎగసినప్పుడల్లా ఉపగ్రహం పంపే గీత తెర మీద నిలువునా లేచి, కాసేపటికి పడిపోతుంది. అది పడగానే కుర్రకారు టీకి లేచేవారు. "ఆగండి, ఇంకా అయిపోలేదు" అంటూ ఆమె ఒక్కతే కూర్చుండిపోయేది. పేరు అలా అంటుకుంది.

నిజంగానే అయిపోదు. మొదట కనబడేదంతా ఎలక్ట్రాన్ల సందడి. జ్వాల ప్రోటాన్లనూ విసురుతుంది గానీ, అవి తమంతట తాము మన కంటపడవు. కిందనున్న దట్టమైన పొరల్లోకి దూసుకుపోయి అక్కడి పరమాణువుల గుండెల్ని గుద్దుకుంటే న్యూట్రాన్లు చెదిరిపోతాయి. అవి దిక్కూమొక్కూ లేకుండా తిరిగి తిరిగి, వేగం చచ్చి, చివరికి ఏదో ఒక హైడ్రోజన్ పంచన చేరతాయి. అప్పుడు పుట్టే గామా వెలుగు, సందడంతా సద్దుమణిగాక, తెర అడుగున చిన్న గుట్టలా లేస్తుంది. కొన్ని జ్వాలలకు అసలు లేవదు. ఆ ఆలస్యపు వెలుగంటే ఆమెకు ప్రాణం.

ఒకసారి ఉపగ్రహం భూమి చుట్టూ చిక్కుకుని ఉన్న ప్రోటాన్ల పట్టీలోంచి పోతూ ఉంటే లేచిన గీతను చూసి, ఆ వెలుగే వచ్చేసిందని అందరినీ టీ దగ్గర్నుంచి పరుగు పెట్టించింది. సూర్యుడితో పనిలేకుండానే ప్రోటాన్లను పట్టిందని చాలాకాలం ఆటపట్టించారు. ఆమె కూడా నవ్వింది.

ఆమెది మేడ మీద ఒంటి గది. తల్లి పోయాక రెండో కుర్చీ తడిబట్టలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. తమ్ముడు అప్పుడప్పుడూ ఫోను చేసి, మీ సూర్యుడు బాగున్నాడా అని అడిగేవాడు. బాగానే ఉన్నాడనేది. ఆమె ఎలా ఉందో అడగడం అతను మరిచిపోయేవాడు, చెప్పడం ఆమె మరిచిపోయేది.

ఉపగ్రహంలో బ్యాటరీ నీరసించింది. ఆ మధ్యాహ్నంతో అందులోని సూర్యుణ్ని చూసే పరికరాన్ని శాశ్వతంగా ఆపేయమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నెలల తరబడి సూర్యుడు నిద్రపోతున్నట్టే ఉన్నాడు. ఆ పొద్దున దీపం ముందు ఆమె అడిగింది ఒక్కటే: తండ్రీ, పోయేముందు ఒక్కసారి చూపించు.

ఉపగ్రహం నెత్తిమీదికి వచ్చింది. అది దిగంతం కిందికి జారేలోపు ఆజ్ఞ పంపాలి. లేకపోతే మళ్లీ కనబడేసరికి బ్యాటరీ చచ్చి, ఉపగ్రహమే చేయిదాటిపోవచ్చు. పంపాల్సినవాడు ఆమె దగ్గరే పని నేర్చుకున్న అధికారి, తమ్ముడి వయసువాడు. సరిగ్గా అప్పుడే గీత లేచింది. గదిలో అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తూ ఉండగా కొండంత పెరిగి, వాలిపోయింది.

అధికారి మీట మీద వేలు పెట్టి అడిగాడు.

"అక్కా, పంపించెయ్యనా?"

ఇన్నేళ్లుగా అలవాటైన మాట ఆ పూట ఆమె నోట్లోంచి రాలేదు.

"నీ ఇష్టం నాయనా. తేడా వస్తే నీ మెడకే చుట్టుకుంటుంది."

అతను వేలు తీసేశాడు. "ఆగుదాం. ఇంకా అయిపోలేదు కదా."

ఎవరూ టీకి లేవలేదు. యాంటెన్నా చూసేవాడు ఉపగ్రహం దిగిపోతోందని మెల్లగా రెండుసార్లు చెప్పాడు. అప్పుడు తెర అడుగున చిన్న గుట్ట లేచింది.

"ఈసారి పట్టీ కాదు కదా అక్కా?" అన్నారెవరో వెనకనుంచి.

"కాదురా. పట్టీ దాటి చాలాసేపైంది."

గుట్ట పూర్తిగా చదునయ్యేదాకా చూసి ఆమె తల ఊపింది. అధికారి కుర్చీ ఖాళీ చేసి ఆమెను కూర్చోమన్నాడు. ఆమె కళ్లు మూసుకుని, తెరిచి, మీట నొక్కింది. గీత నిలిచిపోయింది. ఊడ్చే ఆవిడ టీ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టి, చల్లారకుండా పైన సాసరు మూసి వెళ్లింది.

జ్వాల వచ్చిన రోజుల్లో ఆఫీసు బస్సు ఆమెను వదిలేసి పోయేది, ఆమె నడిచి వెళ్లేది. ఆ సాయంత్రం బస్సు గేటు దగ్గరే ఉంది. డ్రైవరు ఇంజను ఆపేసి కూర్చున్నాడు.

"ఇంకా ఎవరైనా రావాలా?" అని అడిగింది.

"మీకోసమేనమ్మా. మిగతావాళ్లంతా వేరే బండిలో పోయారు."

ఎండ పడుతుందని ఎవరూ కూర్చోని వైపు, ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుంది. దిగిపోతున్న ఎండ ఒళ్లోకి వచ్చింది. ఈసారి తమ్ముడు ఫోను చేసి సూర్యుడి సంగతి అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.